కుడి సీటు కింద

జీపు కింద వెల్లకిలా పడుకుని టేపు సాగదీస్తున్న అప్పాజీకి అక్కణ్ణుంచి రెండు జతల కాళ్ళే కనబడుతున్నాయి. ఒకటి ఆదినారాయణరాజుగారివి. కొత్త తోలు చెప్పులు, ఇస్త్రీ పంచె అంచు. రెండోవి ఆయన డ్రైవరు బుజ్జిబాబువి. అరిగిన రబ్బరు చెప్పులు, పగిలిన మడమలు. రాజుగారి కాళ్ళు పాతినట్టు ఒకచోటే ఉన్నాయి. డ్రైవరు కాళ్ళు బండి చుట్టూ తిరుగుతున్నాయి.

"ఎంత పడుద్దయ్యా?" అని పైనుంచి రాజుగారి గొంతు.

"పాతిక లీటర్లు హాయిగా పడతాయండి" అంటూ అప్పాజీ బయటికి జరిగి, వీపుకంటిన దుమ్ము దులుపుకున్నాడు. "కుడి సీటు కింద చోటంతా ఖాళీయేనండి. సైలెన్సర్ గొట్టం జానెడు వెనక్కి జరిపి, మధ్యలో ఓ రేకు అడ్డం పెడితే వేడి తగలదు. ఎడం పక్క పాతది, కుడి పక్క కొత్తది. బండి కూడా సమంగా తూగుద్దండి."

అది పాత మిలటరీ జీపు. యుద్ధం రోజుల నాటిది. స్టీరింగు ఎడమవైపు. రాజుగారి తండ్రి వేలంలో కొన్నది. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల గట్ల మీద ఇన్నాళ్ళూ తిరిగింది. కిందటి దసరాకి రాజుగారు మారేడుమిల్లి అవతల రోడ్డు కాంట్రాక్టు తీసుకున్నారు. అప్పట్నుంచి వారానికోసారి ఆ కొండలెక్కుతోంది. రంపచోడవరం దాటాక పెట్రోలు దొరుకుతుందన్న నమ్మకం లేదు. వెనకాల డబ్బాలో పట్టుకెళ్తే గతుకులకి ఒలికి సిమెంటు బస్తాలు తడుస్తున్నాయి. అందుకని రెండో ట్యాంకు కావాలి. ట్యాంకంటే గోదావరి లాంచీల వాళ్ళూ ట్రాక్టర్ల వాళ్ళూ కొవ్వూరులో అప్పాజీ పేరే చెబుతారు. అప్పాజీ కోపం గురించి కూడా చెబుతారు.

"నా సీటు కిందా?" అన్నారు రాజుగారు.

"అవునండి."

రాజుగారు నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. ఏమీ తెలియని వాడి మాటకి నవ్వినట్టు నవ్వారు. "నన్ను పెట్రోలు మీద కూర్చోబెడతావేంటయ్యా? ఏ నిప్పురవ్వో పడితే నా గతేంటి?"

ఆ బండ్లలో పాత ట్యాంకు ఉండేదే డ్రైవరు సీటు కింద. పెట్రోలు పొయ్యాలంటే డ్రైవరు దిగి, తను కూర్చున్న దిండు ఎత్తి, దాని కింద ఉన్న మూత తియ్యాలి. అప్పాజీ ఒకసారి బుజ్జిబాబు వైపు చూసి అన్నాడు.

"డ్రైవరు కూర్చుంటున్నాడు కదండి."

"వాడికి అలవాటే."

ఎండ బాగుందన్నంత తేలిగ్గా అన్నారు ఆ మాట. అని, జీపు వెనక్కి నడిచి, డ్రైవరు సీటు వెనకాల చక్రం మీదున్న ఇనప బల్లని చేత్తో తట్టారు. "ఇక్కడ బిగించు. వాడి వీపు వెనకాల. రెండూ ఒక పక్కనే ఉంటే పైపులు కూడా దగ్గరవుతాయి."

"రెండూ ఎడం పక్కేనా అండి? ఘాటులో బండి ఆ పక్కకే లాగుద్దండి. వెనకనించి ఎవడన్నా గుద్దాడంటే..."

"ట్యాంకు కట్టమన్నాను, తీర్పు చెప్పమన్లేదయ్యా" అన్నారు రాజుగారు, ఇంకా నవ్వుతూనే. "గురువారం మధ్యాహ్నానికి బండి నాకు కావాలి. శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి పైన ఇంజనీర్లు రోడ్డు చూడ్డానికి వస్తున్నారు."

అప్పాజీ నోరు తెరిచాడు. కణతల దగ్గర నరం కొట్టుకుంటోంది. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "అలాగేనండి".

ముందు అద్దం మీద బుజ్జిబాబు చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

రాజమండ్రిలో బంధువుల ఇంటికి వెళ్ళడానికి కారు వచ్చింది. ఎక్కబోతూ రాజుగారు డ్రైవరుని పిలిచి, "ఒరే బుజ్జీ, మంచి హోటల్లో తిను. అడ్డమైన గడ్డీ తినకు. మొన్ననే టైఫాయిడ్ నుంచి లేచావు" అన్నారు. తర్వాత అప్పాజీతో, "వీడు మా ఇంట్లో మనిషయ్యా. కాస్త చూసుకో" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. కారు మలుపు తిరిగేదాకా అప్పాజీ అలాగే నిలబడ్డాడు. తర్వాత చేతిలో ఉన్న టేపుని షెడ్డు గోడకేసి కొట్టాడు.

*

కొత్త గొట్టాలు పాతదానికి కలపాలి గనక ముందు పాత ట్యాంకు చూడాలి. బండిని కొలిమికి దూరంగా, రోడ్డు వార నీడలోకి నెట్టారు. "దిండు తియ్యి" అన్నాడు అప్పాజీ.

బుజ్జిబాబు తియ్యలేదు. "దాన్ని నేను చూసుకుంటానండి. మీరు కొత్తది కానివ్వండి" అన్నాడు.

అప్పాజీయే ఎత్తాడు. కొబ్బరిపీచు దిండు. ఉండాల్సినదానికి రెట్టింపు బరువుంది. దాని కింద ఎరువుల సంచి ప్లాస్టిక్ పొర నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. పొర నిండా చెమటపట్టినట్టు తడి. వాసన గుప్పున కొట్టి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పొర లాగేస్తే ట్యాంకు అతుకు పొడవునా పసుపుపచ్చటి ముద్ద ఎండి పగిలి ఉంది. గోటితో గీరి చూశాడు. బట్టల సబ్బు.

"ఎన్నాళ్ళ నుంచి కారుతోందిది?"

"మూడేళ్ళవుద్దండి."

"రాజుగారికి చెప్పలేదా?"

"చెప్పేనండి. సబ్బెట్టమన్నారు." బుజ్జిబాబు దిండుని ఎండలో నిలబెట్టాడు. "ఎడతానే ఉన్నానండి. వారానికో బిళ్ళ అవుద్ది."

దారిలో ఆగిపోయినవాడు ఊరు చేరడానికి పూసుకునే సబ్బది. మూడేళ్ళు పూసుకునేది కాదు. అప్పాజీకి అప్పుడు తట్టింది, పొద్దుట్నుంచి ఈ మనిషి ఒక్కసారి కూడా కూర్చోలేదని. స్టూలు వేస్తే "పర్లేదండి" అని గోడకి చెయ్యానించి నిలబడ్డాడు. టీ నిలబడే తాగాడు. భోజనం కూడా, హోటలు ముందు గుంజకి ఆనుకుని, పళ్ళెం చేత్తో పట్టుకుని తిన్నాడు.

"ఇటు తిరుగు."

"ఎందుకండి?"

"తిరగమన్నానా."

బుజ్జిబాబుకి నలభై అయిదేళ్ళుంటాయి. నెరిసిన మీసం. ఆ వయసు మనిషి రోడ్డు వార సిగ్గుపడుతూ వెనక్కి తిరిగి, లుంగీ తొడల దాకా ఎత్తాడు. తొడల వెనక చర్మం బూడిదరంగులో, చేప పొలుసులా లేచి ఉంది. మడతల దగ్గర పచ్చిగా, ఎర్రగా మెరుస్తోంది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించేనండి. మందు రాసిచ్చేరు. పెట్రోలు తగలనివ్వకన్నారు." లుంగీ దించుకుంటూ చెప్పాడు. ఎవరో ఇంకొకరి సంగతి చెబుతున్నట్టుంది. "మా రత్నమాణిక్యం పొయ్యి ఆర్పేదాకా నన్ను గుమ్మం లోపలికి రానివ్వదండి. బట్టలు మార్చుకుని, నీళ్ళోసుకుని వెళ్ళాలి. అది కూతురికి కూడా చెప్పెట్టింది. నాన్నొచ్చాడంటే ముందు పొయ్యి చూడమని."

అప్పాజీ షెడ్డులోకి వెళ్ళి సుత్తి తీసుకుని, పనికిరాని రేకుముక్క ఒకటి దాగలి మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. దానితో పనేమీ లేదు. పక్క సైకిలు షాపు అచ్చిబాబు తొంగిచూసి, "ఏంటి అప్పాజీ, ఎవరి మీద?" అని నవ్వాడు. అప్పాజీ చూసిన చూపుకి తల లోపలికి లాక్కున్నాడు.

*

బుధవారం పొద్దున్నే పాత ట్యాంకు ఊడదీశారు. దాన్ని బాగుచెయ్యమని ఎవరూ అడగలేదు. ఉన్న పెట్రోలంతా డబ్బాలోకి వంపి, డబ్బాని రోడ్డు అవతల పెట్టించాడు అప్పాజీ. పెద్ద డేగిసాలో చాకలిసోడా వేసి నీళ్ళు మరిగించి ట్యాంకులో పోశాడు. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని, పిల్లని ఉయ్యాల ఊపినట్టు ఊపారు. వంపేస్తే నీళ్ళు తుప్పురంగులో వచ్చాయి. మళ్ళీ పోశారు. నాలుగోసారి వంపాక అప్పాజీ మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి పోశారు.

"ఖాళీగా ఉంది కదా అనుకుంటాడు ప్రతివాడూ" అన్నాడు. "నిండుగా ఉన్నదానికంటే ఖాళీదే ప్రమాదం. కంటికి కనబడని ఆవిరి చాలు, మనిషిని లేపెయ్యడానికి." అతని ఎడమ చేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా రోమం మొలవని తెల్లటి చర్మాన్ని బుజ్జిబాబు చూశాడు.

చివరికి అతుకు కింది దాకా నీళ్ళు నింపి, సబ్బంతా గీరేసి, ఇనప బ్రష్షుతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. కొలిమిలో కాల్చిన రాగి కడ్డీని తెచ్చి అతుకు మీద పెట్టాడు. సీసం కరిగి, వెన్నలా పాకి, సందులోకి దిగింది. వేలెడు వేలెడు చొప్పున జరుగుతూ మొత్తం చుట్టూ వచ్చేసరికి పదకొండయింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

తర్వాత కొత్త రేకు పరిచాడు. బద్దపెట్టి గీత గీస్తుంటే రెండో చివర బుజ్జిబాబు పట్టుకున్నాడు. మూడో గీత పడేసరికి అతని చెయ్యి బిగుసుకుంది.

"మేస్త్రీగారు, ఇది చక్రం మీద కూర్చునే కొలత కాదండి."

"కాదు."

"కుడి సీటుదండి ఇది."

"అవును. పట్టుకో."

"రాజుగారు వద్దన్నారు కదండి!"

"అన్నారు. నేను విన్నాను. కట్టేది నేను."

బుజ్జిబాబు రేకు వదల్లేదు గానీ గొంతు మారింది. "మీకేంటండి. మీరు కట్టేసి ఇంటికెళ్ళి అన్నం తింటారు. రేపు తిట్లు తినేది నేను. ఇరవై రెండేళ్ళ కొలువండి నాది. నా మీద కోపం తీర్చుకోకండి."

"నీ మీదంటావేంటయ్యా!" అప్పాజీ గొంతు రోడ్డు మీదికి వినబడింది. "నీ తొడలు చూశాక నాకు అన్నం దిగలేదు. నీకు కోపం రాదా అసలు? కింద పెట్రోలు, వెనకాల పెట్రోలు, మధ్యలో నువ్వు. వాడికి అలవాటేనని నీ ముందే అంటే, అద్దం తుడుస్తా నిలబడ్డావు. మనిషివేనా?"

"ఎందుకు రాదండి. రోజూ వత్తాది." బుజ్జిబాబు గొంతు పెంచలేదు. "వచ్చాక ముందు లారీ ఉంటాది, పక్కన సైకిలోడుంటాడు. కోపం పెట్టుకుని తోలితే ఎవడో ఒకడు చక్రం కింద పడతాడండి. అందుకని మింగుతాను." రేకు మీది గీతని చూస్తూ అన్నాడు. "మీకూ వచ్చింది కదండి నిన్న. మీరేమన్నారు?"

అప్పాజీ చేతిలోని బద్ద కదల్లేదు.

ముప్ఫై ఏళ్ళుగా అతను అరుస్తూనే ఉన్నాడు. లాంచీ సరంగుల మీద అరిచాడు. ట్రాక్టరు తోలేవాళ్ళ మీద, కూరలో ఉప్పు తక్కువైందని పెళ్ళాం మీద, అకారణంగా అచ్చిబాబు మీద అరిచాడు. తెల్ల పంచె కట్టుకుని వచ్చిన మనిషి మీద ఒక్కసారైనా అరిచినట్టు ఎంత వెతికినా గుర్తురాలేదు. కోపిష్టి అని ఊళ్ళో వచ్చిన పేరుకి లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది అతనికి. చెవులు వేడెక్కాయి.

"రేకు తిన్నగా పట్టుకో" అన్నాడు. కత్తెర తీసుకుని కుడి సీటు గీత మీదే కోశాడు.

బుజ్జిబాబు ఆ తర్వాత సాయంత్రం దాకా అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. పని మాత్రం మానలేదు. లోపల పెట్రోలు అటూ ఇటూ ఊగకుండా నిలబెట్టే అడ్డురేకుకి బెజ్జాలు తనే పొడిచాడు, లెక్క తప్పకుండా, ఒకే దూరంలో.

*

గురువారం పొద్దున్న కొత్త ట్యాంకు నిండా నీళ్ళు నింపి గంటసేపు పాత పేపరు మీద నిలబెట్టారు. పేపరు మీద చుక్క తడి లేదు. నీళ్ళు వంపి, మూతులు బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునురగ రాశారు. ఎక్కడా బుడగ లేవలేదు. ఎండలో బాగా ఆరనిచ్చారు. సైలెన్సర్ గొట్టం జరిపారు. వేడిరేకు బిగించారు. రెండు సీట్ల మధ్య ఇత్తడి మర పెట్టాడు అప్పాజీ. పిడి ఎడమకి తిప్పితే పాత ట్యాంకు, కుడికి తిప్పితే కొత్తది.

డబ్బాలో ఉన్న పెట్రోలు పాతదాన్లో పోసి ఇద్దరూ వంతెన మీదుగా రాజమండ్రి దాకా వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు బుజ్జిబాబు సీటు అంచు మీద, సగం మనిషి గాల్లో ఉన్నట్టు కూర్చున్నాడు. ఎన్నేళ్ళుగానో అలాగే తోలుతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. తిరిగొచ్చేటప్పుడు గోదావరి సగం దాటాక, మెల్లిగా వెనక్కి జరిగి, పూర్తిగా కూర్చుని, వీపు ఆనించాడు. ఒక రైలు కింద నుంచి వెళ్తోంది. వంతెన అంతా అదిరింది.

"బాగుందండి" అన్నాడు. రెండ్రోజుల్లో అతను తనంతట తాను అన్న మంచిమాట అదొక్కటే.

రెండింటికి రాజుగారు వచ్చారు. కారు ఆయన్ని దింపి వెళ్ళిపోయింది. చక్రం మీది బల్ల ఖాళీగా ఉండటం చూసి ముందు అర్థం కాలేదు ఆయనకి. కుడి సీటు దిండు ఎత్తి చూశాక మొహం మీది నవ్వు పోయింది.

"నేనేం చెప్పాను అప్పాజీ?"

ఆ ప్రశ్న కోసమే అప్పాజీ పొద్దుట్నుంచి మాటలు కూర్చుకుంటున్నాడు. అడిగేసరికి సగం ఎగిరిపోయాయి. "అక్కడ కట్టనండి" అన్నాడు. "ఒక మనిషికి కిందా వెనకా పెట్రోలు పెట్టి కట్టడం నా వల్ల కాదండి. మీ పాత ట్యాంకు మూడేళ్ళుగా కారుతోందండి. సబ్బు పూసుకుంటున్నాడు. ఒకసారి అతని తొడలు చూడండి మీరు. మీ ఇంట్లో మనిషన్నారు కదా, చూడండి!"

రాజుగారు బుజ్జిబాబు వైపు చూశారు. బుజ్జిబాబు నేల చూశాడు. రాజుగారు గడియారం చూసుకున్నారు. తర్వాత ఆయన మొహం తేలికపడింది.

"సరేలే. కట్టావు కదా, ఉండనీ. పనితనం బాగుంది" అన్నారు. "దాన్నలా ఖాళీగా వదిలేద్దాం. ఒరే బుజ్జీ, ఎప్పట్లాగే ఎడందాన్లో నింపు. మిగతాది డబ్బాలో పట్టి వెనకాల తాడేసి కట్టు. పద."

అప్పాజీకి ఒళ్ళంతా ఒక్కసారి చల్లబడింది. తిట్టినా బాగుండేది. రెండ్రోజుల పని, గొంతు పెగుల్చుకుని అన్న మాటలు, అన్నీ కలిసి ఆ సీటు కింద ఒక ఖాళీ రేకుపెట్టె అయిపోయాయి. బుజ్జిబాబు డబ్బా తీసుకుని వెనకాల పెట్టాడు. "పెట్రోలు పోశాక అతుకులు చూడాలండి" అని అప్పాజీ ఎవరూ అడక్కుండానే వెనక బల్ల మీదికెక్కాడు.

బంకులో బుజ్జిబాబు దిగి, తన దిండు ఎత్తి, ఎడమ ట్యాంకు నింపించాడు. మూత బిగించి, గుడ్డతో తుడిచి, దిండు వేశాడు. రాజుగారు కుడి సీట్లో కూర్చుని పేపరు చదువుతున్నారు.

బుజ్జిబాబు డబ్బా కోసం వెనక్కి రాలేదు. బానెట్ ముందునుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"రాజుగారూ, ఒకసారి లెగండి."

"ఎందుకురా?"

"దిండెత్తాలండి."

"డబ్బాలో పట్టమన్నాను కదరా."

"డబ్బా పట్టనండి. ఘాటులో ఎనకాల డబ్బా ఎగిరెగిరి పడతా ఉంటే ముందు నేను తోలలేనండి. దీన్లో పోత్తేనే పైకి తోల్తాను."

గొంతు పెద్దది కాదు. సీటు ముందుకి జరపమని అడిగినంత మామూలుగా ఉంది. పైపు పట్టుకున్న బంకు మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వెనకాల ఒక లారీ వచ్చి ఆగింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"తమరితోనేనండి."

"నువ్వు కాకపోతే ఇంకో డ్రైవరు దొరకడనుకున్నావేంట్రా?"

"దొరుకుతాడండి. రేపు తొమ్మిదింటికి మాత్రం దొరకడండి. ఎడమచేతి బండి. రెండో గేరు ఎక్కడ పడుద్దో నాకే తెల్సు. ఆ మలుపులు తమరికి తెల్సు కదండి."

వెనక బల్ల మీద అప్పాజీ లేచి నిలబడ్డాడు. గొంతు దాకా వచ్చింది మాట. బుజ్జిబాబు అతని వైపు తిరక్కుండానే అన్నాడు. "మీరు మాట్లాడకండి మేస్త్రీగారు."

అప్పాజీ కూర్చున్నాడు.

లారీ హారన్ కొట్టింది. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టింది. రాజుగారి మెడ మీద ఎర్రగా పొక్కినట్టయింది. పేపరు మడిచారు. దిగారు.

బుజ్జిబాబు దిండెత్తాడు. కొత్త మూత తిప్పాడు. బంకు మనిషి పైపు దించాడు. కొత్త రేకు మీద పెట్రోలు పడుతున్న చప్పుడు ముందు గలగలమని, తర్వాత బరువుగా, తర్వాత వినబడనంత మెత్తగా అయింది. అప్పాజీ దిగి, బండి కిందికి దూరి ప్రతి అతుకు మీదా వేలు రాసి చూశాడు. పొడిగా ఉంది. బుజ్జిబాబు మూత బిగించి, దిండు యథాస్థానంలో పెట్టి, దాని మీద అరచేత్తో రెండుసార్లు దులిపాడు.

"ఎక్కండి."

రాజుగారు ఆ దిండుని చూశారు. చాలాసేపు చూశారు. లారీవాడు తల బయటపెట్టి ఏదో అరిచాడు. రాజుగారు గిరుక్కున తిరిగి బండి వెనక్కి వెళ్ళి, పంచె ఎగగట్టి, ఇనప కమ్మీ పట్టుకుని, కూలీలెక్కే చోట కాలు పెట్టి ఎక్కారు. బల్ల మీద కూర్చుని రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నారు. "పైన పనవనీ. నీ సంగతి చూస్తాను" అన్నారు.

"చూడండి" అన్నాడు బుజ్జిబాబు. స్టార్టు చేశాడు.

పక్కన కుడి సీటు ఖాళీగా, జీపు వంతెన వైపు వెళ్ళింది. మొదటి గతుకుకి వెనక బల్ల మీద తెల్ల చొక్కా ఎగిరి పడటం అప్పాజీకి కనిపించింది. నవ్వు రాలేదు. ఇందాక "మీరు మాట్లాడకండి" అన్నందుకు బుజ్జిబాబు మీద కోపం వచ్చింది. ఆ కోపం షెడ్డు దాకా నడిచేసరికి ఎటో తిరిగి తన మీదికే వచ్చింది.

*

శనివారం మధ్యాహ్నం బుజ్జిబాబు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో గుడ్డసంచీ. అప్పాజీ ఒక లాంచీ ట్యాంకు అడుగు విప్పుతున్నాడు. సుత్తి కింద పెట్టేశాడు.

"తీసేశారా?"

"తీసేశారండి. ఇంజనీర్లు వెళ్ళేదాకా ఆగేరు. రోడ్డు బాగుందన్నారంట. వాళ్ళ జీపెళ్ళిపోంగానే మన బండి తాళం ఇమ్మన్నారు. ఇచ్చేసేను. వెదురు లారీ ఎక్కి కోరుకొండ దాకా వచ్చేనండి. రాత్రి మా బావమరిది ఇంట్లో పడుకుని, పొద్దున్న బస్సెక్కేను."

అప్పాజీ స్టూలు లాగాడు. బుజ్జిబాబు దాన్ని చూసి, కొంచెం ఆలోచించి, జాగ్రత్తగా కూర్చున్నాడు.

"మిమ్మల్ని నాలుగు మాటలందామనే దిగేనండి ఇక్కడ" అన్నాడు. "దారంతా తిట్టుకుంటానే వచ్చేను. ఎవరు కట్టమన్నారు మిమ్మల్ని? ఎవరడిగేరు? నేనడిగేనా?"

"అను."

"కొలువు పోయిందండి నాది. రత్నమాణిక్యానికి ఇంకా తెలవదు."

"అను. అన్నీ అను" అన్నాడు అప్పాజీ. తల ఎత్తలేదు.

బుజ్జిబాబు అనలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, విప్పిన లాంచీ ట్యాంకు లోపలికి చూస్తూ కూర్చున్నాడు. రొయ్యలకి ఐసు తోలే లారీ ఒకటి భీమవరంలో ఉందని, డీజిలు బండని, ఆ యజమాని పల్లంరాజుగారు మూడు నెలల కిందట ఒకసారి అడిగారని చెప్పాడు. ఇప్పుడు వెళ్ళి అడిగితే ఇస్తారో ఇవ్వరో. ఆ రాజుగారూ ఈ రాజుగారూ చుట్టాలే. అప్పాజీ టీ తెప్పించాడు. తాగాక బుజ్జిబాబు గ్లాసు కింద పెట్టి, అకస్మాత్తుగా అన్నాడు.

"సగం ఘాటెక్కేమండి. ఎనకనించి నా భుజం తట్టేరు. 'వాసనొస్తంది, కారతందేమో చూడరా' అన్నారు. మలుపులో ఉన్నానండి, ఆపలేదు. తమరే చూడండన్నాను."

"చూశారా?"

"బల్ల మీంచి ముందుకి ఒంగి, కుడి దిండు కింద చెయ్యెట్టేరండి. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏం లేదు. ఇంకో రెండు మలుపులయ్యేక మళ్ళీ ఎట్టేరు. మళ్ళీ వాసన చూసుకున్నారు. పైకెళ్ళేదాకా ఇదే పనండి. ఓ పదిహేనుసార్లెట్టుంటారు. బంగారం ఉంగరాల చెయ్యండి, దుమ్ముకొట్టుకుపోయింది."

బుజ్జిబాబు నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. అప్పాజీకి కూడా నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఇంకా నవ్వారు. పక్క షాపులోంచి అచ్చిబాబు తొంగిచూశాడు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో బుజ్జిబాబుది ఆగిపోయింది. మొహం గట్టిపడింది. సంచీ పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

"చెయ్యెట్టి చూడ్డం వచ్చండి ఆయనకి" అన్నాడు. "మూడేళ్ళూ నేను రాదేమో అనుకున్నాను."